ఇసుక పలక నుండి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ వరకు

తెలుగువారి ఇండ్లలో బిడ్డకు అక్షరాభ్యాసం చేయించేటప్పుడు పళ్ళెంలో బియ్యం పరచి, చిన్నారి చూపుడు వేలు పట్టుకొని ఓనమాలు దిద్దించడం నేటికీ ఆచారం. దీనిని శుభకార్యంగా భావించేవారే తప్ప, ఇందులో ఒక ప్రాచీనమైన పాఠశాల సాంకేతికత దాగి ఉన్నదని తలచేవారు అరుదు. కాగితం, కలం, పలక ఏదీ లేని కాలంలో వేలే కలమై, ఇసుకే పలకయై లక్షలాది పిల్లలకు చదువు నేర్పాయి. తప్పు రాస్తే అరచేతితో చెరిపివేయవచ్చు. ఎన్నిసార్లు రాసినా ఖర్చు లేదు. పేదబిడ్డకూ ధనికబిడ్డకూ ఒకటే ఇసుక.

తక్కువ ఖర్చుతో ఎక్కువమందికి చదువు చెప్పడం ఎట్లా అన్న ప్రశ్న ప్రతి తరం ముందూ నిలిచింది. ఇసుక, తాటాకు, కడితం, పలక, అచ్చు పుస్తకం, రేడియో, టెలివిజన్, కంప్యూటర్ అన్నవి ఆ ప్రశ్నకు వేర్వేరు కాలాలు చెప్పుకొన్న సమాధానాలు. ఈనాడు పాఠశాలలలో ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ గురించి జరుగుతున్న చర్చ కూడా ఆ వరుసలోనిదే. ఈ చరిత్రకు ధర్మపురి ప్రాంతంతోనే ఒక సంబంధం ఉండటం విశేషం.

బారామహల్ నేర్పిన పాఠం

1792లో శ్రీరంగపట్టణం సంధి ఫలితంగా బారామహల్ ప్రాంతం టిప్పు సుల్తాన్ చేతినుండి ఈస్టిండియా కంపెనీ ఏలుబడిలోకి వచ్చింది. కెప్టెన్ అలెగ్జాండర్ రీడ్ ఆధ్వర్యంలో భూమి కొలతలు, శిస్తు నిర్ణయం జరిగాయి. ఆయనకు సహాయకులుగా వచ్చిన యువ సైనికాధికారులలో థామస్ మన్రో ఒకరు. 1799 వరకు ఆయన ఈ ప్రాంతంలోనే పనిచేశారు, ధర్మపురిలో నివసించారు. గ్రామాలు తిరిగి రైతులతో మాట్లాడి, ఈ దేశపు జీవనాన్ని దగ్గరగా చూసే అవకాశం ఆయనకు ఇక్కడే లభించింది. 1800లో దత్తమండలాలకు కలెక్టరుగా వెళ్ళి, తెలుగు రైతుల ఆదరాన్ని పొంది, 1820లో మద్రాసు గవర్నరు అయ్యారు.

ఆ హోదాలో ఆయన చేసిన గొప్ప పనులలో ఒకటి 1822 జూన్ 25వ తేదీన దేశీయ పాఠశాలల వివరాలు సేకరించవలసిందిగా ఆదేశించడం. ప్రజల స్థితిగతులను మార్చబూనే ముందు, వారికి ఉన్నదేమిటో తెలుసుకోవలెనన్నది ఆయన ఉద్దేశం. జిల్లాల కలెక్టర్లు పంపిన లెక్కలను క్రోడీకరించి 1826 మార్చి 10న ఆయన రాసిన నివేదిక ప్రకారం రాజధానిలోని 1,28,50,941 మంది జనాభాకు 12,498 పాఠశాలలు, వాటిలో 1,88,650 మంది విద్యార్థులు ఉన్నారు. అంటే సుమారు వెయ్యిమందికి ఒక బడి. ఇండ్లలోనే చదువుకొనే బాలురను కూడా కలుపుకొంటే బడియీడు మగపిల్లలలో మూడవ వంతుకు దగ్గరగా ఏదో ఒక విధమైన చదువు అందుతున్నదని ఆయన అంచనా. బాలికలకు మాత్రం ఆ చదువు అందింది అతి స్వల్పం.

ఆ నివేదికలోనే మరొక చేదునిజమూ ఉన్నది. ఉపాధ్యాయునికి నెలకు ఆరేడు రూపాయలకు మించి రాబడి లేదనీ, అంత తక్కువ జీతానికి సమర్థులు ఈ వృత్తిలోకి రారనీ మన్రో స్పష్టంగా రాశారు. సాధనం ఎంత చవకైనా కావచ్చును గాని, గురువును చవక చేస్తే చదువు నిలువదన్నమాట. ఈ హెచ్చరికను ఇక ముందు కూడా గుర్తుంచుకోవలసి ఉంటుంది.

కడితం, బలపం, పెద్దపిల్లల సాయం

మన్రో ఆదేశానికి వచ్చిన సమాధానాలలో విలువైనది బళ్ళారి కలెక్టరు ఎ.డి. క్యాంబెల్ 1823లో పంపిన నివేదిక. ఈయన 1816లోనే తెలుగు వ్యాకరణాన్ని ప్రచురించిన పండితుడు. నాటి బళ్ళారి జిల్లాలో 533 పాఠశాలలు ఉండగా, వాటిలో 235 కన్నడ బడులు, 226 తెలుగు బడులు. తక్కినవి మరాఠీ, సంస్కృతం, పారశీకం, తమిళం, ఇంగ్లీషు నేర్పేవి. విద్యార్థులు మొత్తం 6,641 మంది. రెండు మూడు భాషలు పక్కపక్కన బతికే నేలమీద ఏ భాష పిల్లలకు ఆ భాషలో బడి ఉండటం ఆనాడు వింత కాదు, సహజం.

ఆ బడులలో వాడిన సాధనాలను క్యాంబెల్ శ్రద్ధగా వర్ణించారు. మొదట ఇసుకలో వేలితో అక్షరాలు. తరువాత ఆకుల మీద గంటంతోనో కలంతోనో రాత. ఇంకొంత ముందుకు వెళ్ళిన పిల్లలకు బొగ్గుపొడి పూసిన చెక్కపలక. అదీగాక కడితం: గుడ్డను గంజిపెట్టి బిరుసెక్కించి, పుస్తకం వలె మడతలు పెట్టి, బొగ్గు, జిగురు కలిపిన పూత పూసేవారు. దానిమీద బలపంతో రాసి, తడిగుడ్డతో తుడిచి మళ్ళీ రాయవచ్చు. వీటిలో ఏ ఒక్కటీ అంగడిలో కొనవలసినది కాదు. పాడైతే ఊళ్ళోనే బాగుచేసుకొనవచ్చు. తయారీ రహస్యం ఎవరి సొత్తూ కాదు.

ముందున్న పిల్లలు వెనుకనున్న పిల్లలకు చెప్పడం ఆ బడుల పద్ధతి. చెప్పినవానికి చదువు స్థిరపడుతుంది, విన్నవానికి అందుతుంది, ఒక్క గురువు పదిమంది పని చేయగలుగుతాడు. ఈ పొదుపునూ, ఈ ఏర్పాటునూ క్యాంబెల్ మనసారా మెచ్చుకొన్నారు. అయితే అదే కలంతో ఒక లోపాన్ని కూడా ఎత్తిచూపారు. కావ్యభాషలోని పద్యాలను పిల్లలు చిలకల వలె వల్లిస్తున్నారే గాని, అర్థం ఎరుగరని ఆయన విచారించారు. సాధనం బాగున్నది, పద్ధతి బాగున్నది, బోధించే విషయం పిల్లవాని భాషకు దూరమైనది. నేటి కంప్యూటర్ గదులకు కూడా ఈ పరీక్ష పెట్టి చూడవచ్చు.

సముద్రాలు దాటిన బడి పద్ధతి

క్యాంబెల్ మెచ్చుకొన్న ఈ పద్ధతి అప్పటికే ఇంగ్లండు చేరి ఉన్నది. 1789లో మద్రాసు ఎగ్మూరులోని అనాథ బాలుర శరణాలయానికి ఆండ్రూ బెల్ అనే మతాచార్యుడు పర్యవేక్షకుడయ్యారు. ఒక దేశీయ బడిలో పిల్లలు ఇసుకలో రాస్తూ నేర్చుకోవడం చూసి, అదే విధానాన్ని తమ శరణాలయంలో ప్రవేశపెట్టారు. పెద్ద విద్యార్థులచేత చిన్నవారికి పాఠాలు చెప్పించారు. స్వదేశానికి వెళ్ళి 1797లో ఆ ప్రయోగం గురించి ఒక చిన్న పుస్తకం ప్రకటించారు. అదే ‘మద్రాసు పద్ధతి’ పేరుతో ప్రసిద్ధి పొందింది. ఆ దేశంలో బీదపిల్లల బడులు విస్తరించడానికి ఆ పద్ధతీ, జోసెఫ్ లాంకాస్టర్ నడిపిన ఇటువంటి పద్ధతీ ఎంతో తోడ్పడ్డాయి.

ఒక సంగతి ఆలోచింపదగినది. బెల్ ఆ పద్ధతిని తీసుకొని వెళ్ళినందువల్ల మద్రాసు బడిపిల్లలకు తరిగినదేమీ లేదు. ఆయన ఎవరి అనుమతీ కోరనక్కరలేకపోయింది, రుసుము చెల్లించనక్కరలేకపోయింది, తమ దేశానికి తగినట్లు మార్చుకొనే హక్కు ఆయనకు ఉన్నది. పంచినకొద్దీ పెరిగేది విద్య అని మన పెద్దలు చెప్పినది ఇందుకే. రెండు వందల ఏండ్ల తరువాత కంప్యూటర్ లోకంలో ఇదే సూత్రాన్ని కొందరు కొత్తగా చాటవలసి వచ్చింది.

అచ్చు పుస్తకం చూపిన సరిహద్దు

పందొమ్మిదవ శతాబ్దంలో అచ్చుయంత్రం విస్తరించింది. సి.పి. బ్రౌన్ కడపలో ఉచిత పాఠశాలలు పెట్టించారు. 1829లో వేమన పద్యాలను అచ్చువేయించారు. 1852లో తెలుగు–ఇంగ్లీషు నిఘంటువును వెలువరించారు. చెదలు తినిపోతున్న తాటాకు ప్రతులు చవకయైన పుస్తకాలుగా మారడం విద్యావ్యాప్తికి పెద్ద మేలు.

కాని అచ్చుకు ఒక స్వభావం ఉన్నది. వేల ప్రతులు అమ్ముడయ్యే భాషకే అది చవక. కొద్దిమంది చదివే భాషకు ప్రతి పుస్తకమూ భారమే. ఈ సరిహద్దును దాటిన మహనీయుడు గిడుగు రామమూర్తి పంతులు. పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా ఉంటూ సవర భాష నేర్చుకొని, లిపి లేని ఆ భాషలో వాచకాలు తయారుచేసి, సొంత ఖర్చుతో సవర పిల్లలకు బడులు నడిపారు. 1931లో సవర భాషా వ్యాకరణాన్నీ, 1938లో సవర–ఇంగ్లీషు నిఘంటువునూ ప్రకటించారు. ఏ పుస్తక వ్యాపారీ సవర వాచకాన్ని లాభం కోసం అచ్చువేసి ఉండడు. లాభం లేని చోట కూడా పని చేసే మనిషి ఉండాలి. పని చేయడానికి అతనికి అడ్డు ఉండరాదు. చిన్న భాషల చదువు ఈ రెండింటి మీదనే ఆధారపడి ఉన్నది.

రాష్ట్ర సరిహద్దు దాటగానే పెద్ద భాష కూడా చిన్న భాష అవుతుంది. ఆంధ్ర, తెలంగాణ రాష్ట్రాలలో కోట్లమంది మాట్లాడే తెలుగు, తమిళనాడులోని ఒక తరగతి గదిలో కొద్దిమంది పిల్లల భాష. అక్కడి పుస్తకం, పటం, ప్రశ్నపత్రం, చివరకు కంప్యూటర్ తెర మీది మాట కూడా అరుదైన వస్తువు అవుతుంది.

అరువు యంత్రాలు

స్వతంత్ర భారతంలో పాఠశాలలకు యంత్రాలను చేర్చే ప్రయత్నాలు అనేకం జరిగాయి. 1975 ఆగస్టు 1 నుండి 1976 జూలై 31 వరకు జరిగిన ఉపగ్రహ టెలివిజన్ ప్రయోగం వాటిలో చిరస్మరణీయమైనది. అమెరికా ఉపగ్రహం ఏటీఎస్–6 సాయంతో ఆరు రాష్ట్రాలలోని సుమారు 2,400 గ్రామాలకు ప్రసారాలు అందాయి. ఆంధ్రప్రదేశ్ ఆ ఆరింటిలో ఒకటి. తెలుగు ఆ ప్రసారభాషలలో ఒకటి. ఉదయం వేళ బడిపిల్లలకు ప్రత్యేక కార్యక్రమాలు ఉండేవి. ఎన్నడూ టెలివిజన్ ఎరుగని పల్లెలలో అది ఒక పండుగ. ఏడాది గడువు తీరగానే ఉపగ్రహం వెళ్ళిపోయింది. ఆ ప్రసారాలూ ఆగిపోయాయి. దేశానికి ఎంతో అనుభవాన్నిచ్చిన ప్రయోగమే అయినా, అరువు వస్తువు ఇచ్చినవాడి గడువుకు లోబడి ఉంటుందని కూడా అది తెలియజెప్పింది.

1984లో కేంద్ర ప్రభుత్వం ‘క్లాస్’ పేరుతో పాఠశాలలలో కంప్యూటర్ అక్షరాస్యతా పథకాన్ని ప్రారంభించింది. బ్రిటన్‌లో తయారైన బీబీసీ మైక్రో యంత్రాలను మొదట సుమారు 250 ఉన్నత పాఠశాలలకు ఇచ్చారు. యంత్రం పరాయిది, దానిలోని పాఠం పరాయిది, తెరమీది భాష ఇంగ్లీషు. ఆంగ్ల మాధ్యమ పిల్లవానికి అది ఒక కొత్త వస్తువు మాత్రమే. మాతృభాషలో చదివే పిల్లవానికి అది కొత్త వస్తువు, కొత్త భాష రెండూ. పాఠశాల గోడ లోపల మరొక గోడ లేచినట్లయినది.

ఇక తెలుగు అక్షరాలు కంప్యూటర్‌లోకి వచ్చిన తొలినాళ్ళలో ఒక్కొక్క సంస్థ ఒక్కొక్క సంకేతపద్ధతిని అనుసరించింది. ఒక యంత్రంలో టైపు చేసిన పాఠం మరొక యంత్రంలో తెరిస్తే పిచ్చిగీతలుగా కనిపించేది. ఉపాధ్యాయుడు శ్రమపడి తయారుచేసిన ప్రశ్నపత్రం పక్క ఊరి బడికి పనికిరాకపోయేది. ఇసుకలో రాసిన అక్షరాన్ని ఎవరైనా చదవగలరు. ఈ అక్షరాన్ని చదవడానికి మాత్రం ఫలానా సాఫ్ట్‌వేర్ కొనవలసిందే.

సాఫ్ట్‌వేర్‌కు స్వేచ్ఛ

1983 సెప్టెంబరు 27న అమెరికాకు చెందిన రిచర్డ్ స్టాల్‌మన్ గ్నూ అనే ఉద్యమాన్ని ప్రకటించారు. సాఫ్ట్‌వేర్‌ను ఏ పనికైనా వాడుకొనే స్వేచ్ఛ, దాని లోపలి నిర్మాణాన్ని చదివి తెలుసుకొనే స్వేచ్ఛ, ఇతరులకు పంచే స్వేచ్ఛ, మెరుగుపరచి మళ్ళీ పంచే స్వేచ్ఛ: ఈ నాలుగూ వాడుకరికి ఉండాలన్నది ఆయన సిద్ధాంతం. 1991లో ఫిన్లాండ్ విద్యార్థి లినస్ టోర్వాల్డ్స్ లినక్స్‌ను రాసి లోకానికి ఇచ్చారు. ఈ రెండూ కలసి కంప్యూటర్‌ను సంపూర్ణంగా నడిపే వ్యవస్థ అయ్యాయి. 1998 నుండి ‘ఓపెన్ సోర్స్’ అనే పేరు వ్యాప్తిలోకి వచ్చింది.

సామాన్యులకు ఈ తేడాను ఆవకాయతో చెప్పవచ్చు. అంగడిలో సీసా కొని తెచ్చుకోవడం ఒక పద్ధతి. సీసా అయిపోతే మళ్ళీ కొనాలి. ఉప్పు ఎక్కువైనా చేయగలిగినది లేదు. పొరుగింటి పెద్దమ్మ కారం, ఉప్పు, ఆవపిండి పాళ్ళు చెప్పి, నీ ఇష్టం వచ్చినట్లు మార్చుకో, నీ కూతురికీ చెప్పు అనడం రెండవ పద్ధతి. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఈ రెండవ కోవకు చెందినది. వెల లేకపోవడం దానికి కలిగే ఒక లాభమే తప్ప, దాని సారం కాదు. మార్చుకొనే హక్కే దాని సారం. తెలుగు మాధ్యమ పాఠశాలకు ముఖ్యంగా కావలసినది ఆ హక్కే. ఒక సంస్థ తెలుగులో తెర మాటలు ఇవ్వదలచకపోతే, దాని ఉత్పత్తిని వాడేవారు వేచి ఉండటం తప్ప చేయగలిగినది లేదు. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ అయితే, నలుగురు కూర్చొని తెలుగు చేసుకొనవచ్చు.

తెలుగు చేసిన చేతులు

ఆ నలుగురూ నిజంగానే కూర్చొన్నారు. 1990ల ఆరంభంలోనే అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో ఉన్న తెలుగు విద్యార్థులు ఇంగ్లీషు మీటలతో తెలుగు రాసే ‘ఆర్.టి.ఎస్.’ పద్ధతిని రూపొందించారు. 1991లో వెలువడిన యూనికోడ్ తొలి ప్రమాణంలో తెలుగు లిపికి స్థానం లభించింది. అదే సంవత్సరం భారత ప్రమాణాల సంస్థ ‘ఇస్కీ’ని ఆమోదించింది. కాలక్రమంలో యూనికోడ్ విస్తరించి, ఏ యంత్రంలోనైనా తెలుగు తెలుగుగానే కనిపించే రోజు వచ్చింది. కెనడాలో స్థిరపడిన తిరుమల కృష్ణ దేశికాచార్యులు ‘పోతన’, ‘వేమన’ అనే అక్షరరూపాలను తయారుచేసి ఉచితంగా ఇచ్చారు.

2003 డిసెంబరు 10న తెలుగు వికీపీడియా పుట్టింది. దీనిని ఆరంభించిన వెన్న నాగార్జున, పాత పద్ధతులలోని తెలుగును యూనికోడ్‌కు మార్చే ‘పద్మ’ను కూడా అందించారు. 2006లో వచ్చిన ‘లేఖిని’తో మరెందరో తెలుగులో రాయడం మొదలుపెట్టారు. హైదరాబాదు కేంద్రంగా పనిచేసే ‘స్వేచ్ఛ’ సంస్థ కార్యకర్తలు లినక్స్ తెరమాటలను తెలుగు చేశారు. పిల్లల కోసం ‘బాల స్వేచ్ఛ’ను రూపొందించారు. 2011లో సిలికానాంధ్ర, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వాల సహకారంతో తెలుగు అక్షరరూపాలు స్వేచ్ఛా అనుమతితో వెలువడనారంభించాయి. వాటిలో ఒకదానికి గిడుగు పేరు పెట్టడం ఎంతయో సముచితం.

వీరిలో అనేకులు జీతం పుచ్చుకొని ఈ పని చేసినవారు కారు. పగలు ఉద్యోగం, రాత్రి తెలుగు సేవ. గిడుగువారు సవరలకు చేసినదానిని వీరు తమ మాతృభాషకు చేశారు. దాని ఫలం నల్లంపల్లిలోని పిల్లవానికి కూడా అంతే హక్కుగా చెందుతుంది; అతని ఊరు ఏ రాష్ట్రంలో ఉన్నదని ఆ సాఫ్ట్‌వేర్ అడగదు.

పొరుగు రాష్ట్రమూ, ఉన్న రాష్ట్రమూ

పాఠశాలలలో స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌ను పెద్ద ఎత్తున నిలబెట్టిన రాష్ట్రం కేరళ. 2001లో ఆ రాష్ట్రం ‘ఐటీ@స్కూల్’ పథకాన్ని ఆరంభించింది. ఆ ఏడాది జూలైలోనే తిరువనంతపురంలో స్టాల్‌మన్ సమక్షాన భారత స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ ప్రారంభమైంది. తొలుత కొనుగోలు సాఫ్ట్‌వేర్ మీద ఆధారపడిన పాఠ్యప్రణాళిక కొన్ని సంవత్సరాలలోనే గ్నూ–లినక్స్ వైపు మరలింది. అక్కడి విజయానికి కారణం యంత్రాలు కావు, ఉపాధ్యాయులు. గణితం చెప్పే మాస్టారే శిక్షణ పొంది, తోటి ఉపాధ్యాయులకు నేర్పారు. పాత దేశీయ బడిలో పెద్దపిల్లవాడు చిన్నపిల్లవానికి చెప్పినట్లే ఇది కూడా. 2017లో ఆ పథకం ‘కైట్’ అనే ప్రభుత్వ సంస్థగా రూపొందింది.

తమిళనాడు ప్రయత్నమూ తక్కువది కాదు. 2007 ప్రాంతంలో రాష్ట్ర ప్రభుత్వ సంస్థ ఎల్కాట్ తన కార్యాలయాన్ని లినక్స్‌కు మార్చుకొని, పాఠశాలలకూ ఆ దారి చూపింది. చెన్నై కేంద్రంగా సీడాక్ తదితర సంస్థలు రూపొందించిన ‘బాస్’ లినక్స్ 2007లో వెలువడింది. తెలుగు సహా అనేక భారతీయ భాషలకు అందులో చోటున్నది. 2011 సెప్టెంబరు 15న ఆరంభమైన విద్యార్థులకు ఉచిత ల్యాప్‌టాప్ పథకంలో విండోస్‌తో పాటు బాస్ లినక్స్‌ను కూడా అమర్చి ఇచ్చిన యంత్రాలున్నాయి. 2017 సెప్టెంబరు 5న దేశమంతటికీ అందుబాటులోకి వచ్చిన ‘దీక్షా’ వేదిక కూడా ఓపెన్ సోర్స్ పునాదిమీద నిర్మితమైనదే.

ఖర్చు లెక్కలు, హెచ్చరికలు

కొనుగోలు సాఫ్ట్‌వేర్‌కు గడువు ఉంటుంది. విండోస్ ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్ 8తోనూ, విండోస్ 10కి 2025 అక్టోబరు 14తోనూ తయారీదారుల సాధారణ మద్దతు ముగిసింది. తరువాతి విండోస్ 11 పాత కంప్యూటర్లలో అనేకం మీద నడవదు. సంపన్నుల కార్యాలయాలు కొత్త యంత్రాలు కొంటాయి. పల్లెబడి ఏమి చేయాలి? తేలికైన లినక్స్ రకాలను ఎక్కిస్తే అటువంటి పాత యంత్రాలు మరి కొన్నేండ్లు పనిచేస్తాయి. ఒక మంచి కంప్యూటర్‌కు అనేక పాత కంప్యూటర్లను తీగలతో కలిపి, బరువైన పనినంతా ఆ ఒక్కదానిచేత చేయించే ఏర్పాటు కూడా లినక్స్‌లో ఉన్నది. 2012లో ఇంగ్లండులో విడుదలైన రాస్ప్‌బెర్రీ పై అరచేతిలో ఇమిడే కంప్యూటర్. దాని తొలి వెల 35 డాలర్లు. ఇంటర్నెట్ లేని చోట ‘కివిక్స్’ ద్వారా తెలుగు వికీపీడియాను మొత్తంగా కంప్యూటర్‌లో నిలువచేసుకొనవచ్చు. లిబ్రే ఆఫీసులో ప్రశ్నపత్రాలు, టక్స్ పెయింట్‌లో చిన్నారుల బొమ్మలు, ఫెట్ ప్రయోగాలలో భౌతికశాస్త్రం: వీటన్నింటికీ తెలుగు రూపాలున్నాయి.

అయినప్పటికీ వెల లేని సాఫ్ట్‌వేర్ ఖర్చు లేని చదువు కాదు. విద్యుత్తు కావాలి, మరమ్మతు కావాలి, అన్నిటికీ మించి నేర్పే మనిషి కావాలి. 2005లో నికొలాస్ నెగ్రొపాంటే వంద డాలర్ల ల్యాప్‌టాప్‌ను ప్రకటించినప్పుడు లోకమంతా ఆశపడింది. అందులో నడిచినది స్వేచ్ఛా సాఫ్ట్‌వేరే. పెరూ దేశం లక్షల యంత్రాలను పల్లెబడులకు పంచింది. 2012లో వెలువడిన అధ్యయనం అక్కడి పిల్లల గణితంలోనూ, భాషలోనూ చెప్పుకోదగిన మెరుగుదల కనిపించలేదని తేల్చింది. యంత్రం చేరింది, బోధన మారలేదు. మన్రో గురువు జీతం గురించి, క్యాంబెల్ చిలకచదువు గురించి చెప్పిన మాటలు రెండు శతాబ్దాల తరువాత మరో ఖండంలోనూ రుజువైనవి.

నల్లంపల్లి ముందున్న దారి

ధర్మపురి నుండి సేలం వెళ్ళే రహదారి మీద ఉన్న నల్లంపల్లి, చదువు విలువను బాగా ఎరిగిన సీమలో ఉన్నది. చదువు కొరతనూ ఎరిగిన సీమలో ఉన్నది. 2011 జనాభా లెక్కల ప్రకారం ధర్మపురి జిల్లా అక్షరాస్యత 68.54 శాతం, తమిళనాడు జిల్లాలన్నింటిలో అదే అతి తక్కువ. ఇటువంటి చోట ప్రతి రూపాయికీ లెక్క చెప్పవలసిందే, ప్రతి బిడ్డనూ లెక్కలోకి తీసుకోవలసిందే.

1956లో భాషాప్రయుక్త రాష్ట్రాలు ఏర్పడినప్పుడు సరిహద్దుకు ఇవతల మిగిలిన తెలుగువారికి రాజ్యాంగం 350–ఎ అధికరణం ద్వారా ఒక హామీ ఇచ్చింది: భాషాల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు తగిన సౌకర్యాలు కల్పించడానికి రాష్ట్రాలు ప్రయత్నించవలెనని. 2006లో వచ్చిన తమిళ అభ్యసన చట్టం 2006–07 నుండి ఒక్కొక్క తరగతిగా తమిళాన్ని తప్పనిసరి చేసింది. ఉన్న నేల భాషను నేర్చుకోవడం మేలే; అన్నం పెట్టే ఊరి మాట రాకుండా బ్రతకడం మర్యాద కాదు. అయితే ఇంటి భాషను నిలుపుకొనే భారం ఇప్పుడు ఎక్కువగా ఇంటివారి మీదనే ఉన్నది. తల్లిదండ్రులు తెలుగు మాధ్యమం వైపు చూడటానికి జంకేది, ఈ చదువుతో పిల్లవాడు కంప్యూటర్ యుగంలో వెనుకబడతాడేమోనన్న భయంతోనే. ఆ భయాన్ని ఉపన్యాసాలు పోగొట్టలేవు. తెలుగులో కంప్యూటర్ నడిపి చూపిన తరగతిగది పోగొట్టగలదు.

అందుకు పెద్ద నిధులు అక్కరలేదు. దూరనగరాలలో ఉద్యోగాలు చేస్తున్న పూర్వవిద్యార్థులు తమ కార్యాలయాలు తొలగించే కంప్యూటర్లను బడికి చేర్పించవచ్చు. సెలవులకు వచ్చినప్పుడు రెండు రోజులు కూర్చొని లినక్స్ ఎక్కించి, ఉపాధ్యాయులకు నేర్పి వెళ్ళవచ్చు. ఉపాధ్యాయులు తాము తయారుచేసిన పాఠాలను స్వేచ్ఛా అనుమతితో ఇతర తెలుగు బడులకు పంపవచ్చు. పై తరగతి పిల్లలచేత ఈ సీమ పల్లెల గురించి, పంటల గురించి, పనివారి గురించి తెలుగు వికీపీడియాలో రాయించవచ్చు. అప్పుడు పిల్లవాడు యంత్రం ముందు వాడుకరిగా మాత్రమే గాక, రచయితగా కూర్చొంటాడు. తమిళం తెలిసిన తెలుగు బిడ్డ రెండు భాషల మధ్య వంతెన కట్టగలడు. ఆ పని కేవలం ఒక్క భాష తెలిసినవారివల్ల కాదు.

డెబ్బది అయిదు సంవత్సరాలు ఒక బడి నిలిచినదంటే, ఎందరో పేరులేని వారు ఎంతో కొంత ఇచ్చి నిలిపారని అర్థం. ఒకరు స్థలం, ఒకరు కలప, ఒకరు తమ వయసు. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కూడా సరిగ్గా అట్లాగే పెరిగింది. బియ్యపు పళ్ళెంలో వేలు పట్టి దిద్దించిన తల్లి ఆ అక్షరానికి వెల అడగలేదు; దానిని ఎవరికీ నేర్పరాదని ఆంక్ష పెట్టలేదు. ఆ అక్షరం కంప్యూటర్ తెర మీదికి చేరిన తరువాత కూడా అంతే స్వేచ్ఛగా ఉండేటట్లు చూడటం ఈ తరం తీర్చవలసిన ఋణం.